పంపు గది వెనక ఐదు సెంట్లు

కోడలు జడ సగం అల్లుకుని ఉండగా కిటికీ గట్టు మీద ఫోను గుర్రుమంటూ జరిగి జరిగి, బ్రష్షులు పెట్టుకునే గ్లాసుకి వెళ్లి తగిలింది. ఆ గ్లాసంటే ఆమెకి మహా ఇష్టం. అందులో ఒకటి ఎర్ర బ్రష్షు, ఒకటి ఆకుపచ్చది. ఎర్రదాని తాలూకు మనిషి లారీ నడుపుతాడు, నెలలో ఐదారు రోజులే ఇంట్లో ఉంటాడు. అయినా ఆ రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడితే చూసి నవ్వుకోకుండా ఆమె మొహం కడుక్కున్న రోజు లేదు.

ఫోను తీసి చదివింది. "మీ దరఖాస్తు ఆమోదించబడినది. మొదటి విడత సాయం జమ చేయబడినది." రెండోసారి చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. జడ చేత్తో పట్టుకునే వంటింట్లోకి పరిగెత్తింది.

అత్తయ్య పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది.

"అత్తయ్యా, పడింది."

"ఎవరు పడ్డారే పొద్దున్నే?"

"డబ్బు పడింది. పడుకున్న పొలం డబ్బు."

ఆ మాట ఊళ్లోవాళ్లది. భూమిలో నీళ్లు అడుగంటాయని, మూడేళ్లపాటు ఏ పంటా వేయకుండా పొలాన్ని ఊరికే వదిలేసినవాళ్లకి ఎకరానికి ఇంత అని ప్రభుత్వం సాయం ప్రకటించింది. దాని అసలు పేరు రెండు వరసల పొడుగుంటుంది. ఎవరికీ నోరు తిరగలేదు. పొలం పడుకుంటుంది, డబ్బొస్తుంది, అంతే కదా అని ఆ పేరు పెట్టుకున్నారు.

అత్తయ్య చిక్కుడుకాయ కింద పెట్టలేదు. "నలభై ఏళ్లు రెక్కలు ముక్కలు చేసుకుంటే ఒక్కడూ ఎలా ఉన్నావని అడగలేదు. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఈ సంగతి ముందే తెలిస్తే మీ మామయ్యని పెళ్లినాడే కూర్చోబెట్టేదాన్ని." అంటూనే చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. "వాడికి చెప్పావా?"

చెప్పాలి కదా. కోడలు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అత్తయ్య ముందు భర్తని 'మీరు' అంటుంది, తలుపు వేస్తే 'నువ్వు' అంటుంది. ఈ చిన్న దొంగతనం కూడా ఆమె సంతోషాల్లో ఒకటి.

"ఎక్కడున్నావు?"

"టైరు కింద." అతను నవ్వాడు. తోటి డ్రైవర్లు అతన్ని బ్రేకు అని పిలుస్తారు. దారిలో కోడిపిల్ల కనిపించినా బ్రేకు వేస్తాడని ఆ పేరు. "నట్టు బిగిస్తున్నా. ఏంటి, గొంతు అలా ఉంది?"

చెప్పింది. అటునుంచి పానా నేల మీద పెట్టిన శబ్దం వినిపించింది.

"అయితే ఈ లోడు దించి తాళాలు ఓనరు చేతిలో పెట్టేస్తున్నా. సాయంత్రానికి ఇంట్లో ఉంటా. గోడౌన్ వాళ్ల వ్యానుకి రేపట్నుంచే రమ్మన్నా వెళ్తా."

"బాగా ఆలోచించుకో."

"నాలుగు నెలల్నుంచి రోడ్డు మీద అదేగా పని."

గోడౌను పక్క ఊళ్లోనే. పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు. జీతం మాత్రం లారీ మీద వచ్చేదాంట్లో సగం. ఆ రెండో సగానికే ఇంతకాలం ఇంట్లో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇప్పుడా సగం పొలం ఇస్తుంది, అదీ పడుకుని. పెళ్లయి నాలుగు నెలలు. అందులో అతను ఇంట్లో ఉన్నది సరిగ్గా ఇరవై మూడు రోజులని ఆమె వేళ్ల మీద చెప్పగలదు. పోయిన నెల అర్ధరాత్రి కునుకు పట్టి లారీని రోడ్డు పక్క కాలవలోకి దించాడని మటుకు అతను చెప్పలేదు. చొక్కా మీది బురద చెప్పింది.

జడ పూర్తి చెయ్యకుండానే చెప్పులేసుకుంది. మామయ్యకి ఈ మాట తనే చెప్పాలి.

పొలం దారిలో ఎటు చూసినా దుక్కి కూడా లేని నేల. ఆ చుట్టుపక్కల అందరూ దరఖాస్తు పెట్టారు. మోటార్ల చప్పుడు లేదు. నడిస్తే తన చెప్పుల టపటప తనకే వినిపిస్తుంటే, నవ్వొచ్చి, ఎవరూ లేరని చూసుకుని నాలుగడుగులు గెంతింది కూడా.

మామయ్య పంపు గది దగ్గర కనిపించలేదు. వెనక్కి వెళ్లింది.

వెళ్లి ఆగిపోయింది.

గది వెనక మోకాలెత్తు మొక్కజొన్న. వరసలు దారం పట్టి వేసినట్టున్నాయి. చుట్టూ అంత బూడిదరంగు నేల ఉండగా ఆ మడి ఒక్కటే పచ్చగా, తడిగా, అప్పుడే స్నానం చేయించిన పిల్లలా ఉంది. మామయ్య ఒక బొరిగె పట్టుకుని మధ్యలో గొంతుక్కూర్చున్నాడు.

"రా తల్లీ, అటు కాదు, గట్టు మీంచి రా. ఆ చివరిది ఆలస్యంగా మొలిచింది, తొక్కేస్తావు."

"మామయ్యా, డబ్బు పడింది."

మామయ్య తలెత్తి చూశాడు. బొరిగె నేలకి గుచ్చి, దాన్ని ఆసరా చేసుకుని మెల్లిగా లేచాడు. "వాడు వస్తున్నాడా?"

"సాయంత్రానికి."

ఇంకేం అడగలేదు. ఎంత పడిందనీ అడగలేదు. తలపాగా విప్పి మొహమంతా తుడుచుకున్నాడు, తుడుచుకున్నదే మళ్లీ తుడుచుకున్నాడు. మడి వైపు తిరిగి మాట మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు.

"ఇదేంటో తెలుసా? మా నాన్న నా చేతికిచ్చిన విత్తనం. గింజ పాలలా తెల్లగా ఉంటుంది, నడుమ ఒక్క ఎర్రగీత. కంకి జానెడే, సంతలో ఎవడూ కొనడు. కానీ వాన నెల్లాళ్లు మొహం చాటేసినా చావదు. ముందేడు వాన పడలేదు, నిరుడు నా మోకాలు పడుకోబెట్టింది. గింజ కుండలోనే మూడేళ్లు ముసలిదైపోయింది. ఇంకో ఏడాగితే ఒక్కటీ మొలవదు. అందుకని కుండ బోర్లించి మొత్తం చల్లేశాను. సగం పోయినా మూడు వందల పన్నెండు లేచాయి."

"మొత్తమా?"

"మొత్తమే. ఇంకో సంగతి చూడు." చెయ్యి చాచి చుట్టూ తిప్పాడు. "పదేళ్ల నుంచీ పక్కవాళ్ల హైబ్రిడ్ పుప్పొడి గాలికొచ్చి మన కంకి మీద పడేది. పసుపు గింజ కలిసిన కంకులన్నీ ఏరి పక్కన పడేస్తూ వచ్చాను. ఈసారి కనుచూపు మేరలో ఎవడూ వెయ్యలేదు. కల్తీ లేకుండా మన గింజ మనకే వస్తుంది. ఈ డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఊరి పొలాలన్నీ ఒక్కసారి పడుకోవడం మాత్రం దీనికి కలిసొచ్చింది. నువ్వా రోజు ఈ ఐదు సెంట్లు విడిచిపెట్టి రాయబట్టి సరిపోయింది గానీ."

ఆ రోజు కోడలికి బాగానే గుర్తుంది. దరఖాస్తు తనే నింపింది. ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. అత్తయ్య ఆమెని ముద్దొచ్చినప్పుడూ కోపమొచ్చినప్పుడూ కాలేజీ అనే పిలుస్తుంది. "సొంత అవసరానికి మినహాయించే విస్తీర్ణం" అని ఒక గడి ఉంది. మామయ్య గుమ్మంలోంచే చెప్పాడు, పంపు గది వెనక ఐదు సెంట్లు వదిలెయ్యమ్మా, అది నాకు కావాలి అని. వదిలేసింది. వెంటనే అడుగున వచ్చే మొత్తం తగ్గింది. ఎరువు పోగు పెట్టుకోవడానికో, మంచం వేసుకోవడానికో అయ్యుంటుంది, దానికోసం డబ్బెందుకు పోగొట్టుకోవడం అనుకుంది. సున్నా కొట్టింది. అంకె మళ్లీ పెరిగింది. ఆ పెరిగింది ఒక గ్యాస్ బండ ఖరీదు కూడా కాదు. మామయ్యకి చెబుదామనే అనుకుంది. సరిగ్గా అప్పుడే వీధిలో లారీ హారన్ మోగింది, ముందుగా చెప్పకుండా అతను వచ్చాడు. ఆ మూడు రోజులూ ఆమెకి లోకంలో ఇంకేదీ గుర్తులేదు.

చేతిలో ఫోను మళ్లీ గుర్రుమంది. "క్షేత్ర తనిఖీ. రేపు ఉదయం పది గంటలకు."

"ఏంటమ్మా?"

"ఆఫీసు నుంచి మామయ్యా. రేపు చూడ్డానికి వస్తారట."

"రానీ. ఒక ఫ్లాస్కుతో టీ పెట్టించుకొద్దాం. ఎండన పడి తిరుగుతారు పాపం. ఈ మడి కూడా చూపిస్తాను."

ఆ రోజే పది దాటాక ఆమె బస్సులో ఉంది. దుకాణంలో పనుందని అత్తయ్యకి చెప్పింది. ఆఫీసులో పొడవాటి బల్ల, బల్ల మీద దారాలతో కట్టిన కాగితాల దొంతరలు, వాటి మీద ఎగిరిపోకుండా పెట్టిన గుండ్రాళ్లు. గుమాస్తా వయసులో పెద్దావిడ. కళ్లద్దాలు ముక్కు చివరికి జారితే వేలుతో తోసుకుంటూ చెప్పింది.

"ఆమోదం కాకముందు వస్తే నిమిషంలో మార్చేదాన్ని. ఇప్పుడు ఆ గడి కదిపితే మొత్తం దరఖాస్తు రద్దవుతుంది. వచ్చింది వెనక్కి కట్టాలి. మళ్లీ వచ్చే ఏడు వరసలో నిలబడాలి."

"ఐదు సెంట్లే మేడమ్. నాలుగెకరాల్లో ఐదు సెంట్లు."

"ఐదు మొక్కలున్నా ఫోటోలో పచ్చగానే పడుతుంది. పచ్చగా పడితే రద్దే. ఎవరు నింపారు?"

"నేనే."

గుమాస్తా పెన్ను కింద పెట్టింది. గొంతు తగ్గించింది. "రేపు పదింటికి ఫోటో తీస్తారు. దాంట్లో మట్టి కనిపిస్తే చాలు. అంతకుముందు అక్కడ ఏముందో ఎవరూ అడగరు. అర్థమైందా?"

అర్థమైంది. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

నాలుగింటికి మామయ్య పెరట్లో కుళాయి కింద కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడింది. చెప్పడం మొదలుపెడితే వెనకాముందూ అయింది. గడి ముందొచ్చింది, సున్నా తర్వాతొచ్చింది, లారీ హారన్ మధ్యలో వచ్చింది. గుమాస్తా అన్నది మాత్రం పొల్లుపోకుండా చెప్పింది. మామయ్య వింటూనే ఒక కాలు కడిగాడు. రెండో కాలికి బురద అలాగే ఉండగా కుళాయి కట్టేశాడు.

"కుండీల్లో పెడదాం మామయ్యా. డాబా మీద. వేళ్లతో సహా తవ్వి తెద్దాం. నేను చూసుకుంటాను."

"ఆ ఎత్తొచ్చాక మొక్కజొన్నని కదిలిస్తే ఊరుకోదమ్మా. బతికినా ఏ పదో పదిహేనో. పదిహేనింటితో విత్తనం నిలవదు. ఒక తరం వస్తుంది, రెండో తరానికి పీలగా అయిపోతుంది. దానికి మంద కావాలి." ఎవరి పిల్లల సంగతో చెబుతున్నట్టు నిదానంగా చెప్పాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. "ఏడవకు. వాడు వచ్చే వేళైంది. ఇప్పుడేం చెప్పకు, వాణ్ని కడుపునిండా తిననీ."

ఐదున్నరకి అతను వచ్చాడు. లారీలో పరుచుకునే బొంత చుట్టగా చుట్టి భుజాన వేసుకున్నాడు, చేతిలో అద్దం ముందు వేలాడగట్టుకునే ప్లాస్టిక్ చిలక. "ఇది నాది, ఓనరుది కాదు" అని చిలకని గోడమేకుకి తగిలించాడు. అత్తయ్య దాని చుట్టూ తిరిగి చూసింది. "కొడుకు లారీ వదిలేసి వస్తాడంటే ఏం తెస్తాడో అనుకున్నాను. పక్షిని తెచ్చాడు."

"లారీలో అదొక్కటే నాతో మాట్లాడేదమ్మా."

"ఇప్పుడు నీ పెళ్లాం ఉందిగా, దానికి గింజలు తనే వేస్తుందిలే."

గింజలన్న మాటకి కోడలి చేతిలో గరిటె గిన్నెకి తగిలి ఠంగుమంది. ఎవరూ పట్టించుకోలేదు.

వెలుతురు ఉండగానే భోజనాలకి కూర్చున్నారు. అతను రెండుసార్లు మారు వడ్డించుకుని, గోడౌన్ వ్యాను గురించీ, దానికి సరిగ్గా పడని మూడో గేరు గురించీ చెబుతున్నాడు. పొద్దున ఎనిమిదికి వెళ్తే ఆరింటికి ఇల్లు చేరొచ్చట. "ఆరింటికి" అని మూడుసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా భార్య వైపు చూశాడు. ఇంకో రోజైతే ఆ చూపుకి ఆమె కంచంలో నీళ్లు ఒలకబోసేది.

మామయ్య చెయ్యి కడుక్కోకుండా కంచం ముందే కూర్చుని అన్నాడు. "పంపు గది వెనక కాసిని గింజలు చల్లాను. ముసలి గింజ, మొలక సరిగ్గా రాలేదు. తీసేద్దామనుకుంటున్నా."

అత్తయ్య తల తిప్పి ఆయన్ని చూసింది. నిన్న సాయంత్రమే ఆయన్తో వెళ్లి ఆ మడి చూసి వచ్చింది.

"పోనీలే నాన్నా. మూడేళ్లయ్యాక కొత్త విత్తనం కొందాం, రెండింతలు పండేది."

కోడలు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"మొలక బాగానే వచ్చింది" అంది. "మూడు వందల పన్నెండు. తప్పు నాది."

ఈసారి వరసగా చెప్పింది. ఏ గడిలో ఏం రాసిందో, ఎందుకు రాసిందో, ఎందుకు మర్చిపోయిందో. అత్తయ్య ముందర భర్తని 'మీరు' అనాలన్నది మర్చిపోయి "నువ్వొచ్చావు, నేను మర్చిపోయాను" అంది. అత్తయ్య వినిపించుకోనట్టు మూత తీసి మళ్లీ పెట్టింది.

అతను చెయ్యి కడుక్కుని వచ్చి గోడనానుకుని కూర్చున్నాడు. "ఓనరుకి ఫోన్ చేస్తాను. వేరే డ్రైవర్ని ఇంకా పెట్టుండడు. డబ్బు వెనక్కి కట్టేద్దాం. ఇంకో ఏడాది లారీ తోల్తే నాకేం కాదు."

"ఏం కాదా? చొక్కా మీద బురద ఇంట్లో అందరమూ చూశాం." మామయ్య గొంతు పెరగలేదు. "మా నాన్న ఆ కుండ నా చేతిలో పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఉన్నాను కాబట్టి ఇచ్చాడు. నువ్వు ఏ రోడ్డు మీద ఏ కాలవ పక్కన ఉన్నావో తెలియకుండా ఆ గింజల్ని కాపాడి ఎవరి చేతిలో పెట్టను? తాళాలిచ్చి వచ్చావు. ఇచ్చినవి ఇచ్చినట్టే ఉండనీ."

అత్తయ్య లేచి వెళ్లి అటక కింద నుంచి ఖాళీ కుండ తెచ్చింది. లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. చెయ్యి బయటికి తీసి చూసుకుంది. దుమ్ము తప్ప ఏమీ లేదు. కుండని గోడవారన బోర్లించి పెట్టింది.

కోడలు కంచాలు తీస్తుంటే కళ్లలోంచి కారేది కంచంలోకే కారింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. భర్త వచ్చి ఆమె చేతుల్లోంచి రెండు కంచాలు తీసుకున్నాడు. అందరి ముందూ అలా తీసుకోవడం అదే మొదటిసారి. పొద్దున్నయితే ఆ ఒక్కదానికే ఆమె వారం రోజులు మురిసిపోయేది.

మామయ్య గుమ్మం దగ్గర నిలబడి, మోకాలి మీద చెయ్యి వేసుకుని చెప్పాడు.

"రేపు ఆరింటికి బయల్దేరదాం. నేనూ, కోడలూ. వాణ్ని లేపకండి, ఎన్నాళ్లకో ఇంట్లో పడుకున్నాడు. కొడవలి అక్కర్లేదు, నిన్ననే తడిపాను, చేత్తో లాగితే వచ్చేస్తాయి. ఎనిమిదిన్నరకల్లా నేల చదును చేసేద్దాం." గుమ్మం దిగబోయి వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, నూనె డబ్బాలు రెండున్నాయిగా, అడుగున చిల్లులు పొడిచి పెట్టు. ఆ చివర ఆలస్యంగా మొలిచిన బుల్లిదుంది చూశావా, దాన్నీ, దాని పక్కదాన్నీ తెచ్చుకుందాం. విత్తనానికి కాదులే. ఊరికే, చూసుకోడానికి."